ఎక్కడా నొప్పి లేదన్న చలపతి గారు

2022 డిసెంబరు. యూటాలో, సాల్ట్ లేక్ సిటీకి దక్షిణాన కొండదారి మొదలయ్యే చోట ఉన్న ఒక స్కీ షాపులో నేను బూట్ ఫిట్టర్‌గా పనిచేస్తున్న ఆరో శీతాకాలం అది. బూట్ ఫిట్టర్ అనగానే మనవాళ్లు చెప్పుల షాపులో సేల్స్ గర్ల్ అనుకుంటారు. మా చర్చిలో ఒకావిడ అలాగే అడిగింది కూడా. కొంతవరకు నిజమే. కానీ స్కీ బూటు వేరు. బయట గట్టి ప్లాస్టిక్ డొప్ప ఉంటుంది, దాన్ని షెల్ అంటాం. లోపల మెత్తటి తొడుగు ఉంటుంది, అది లైనర్. ఆ డొప్ప దానంతట అది సాగదు. పాదంలో ఎముక ఎక్కడ పొడుచుకొచ్చిందో చూసి, అక్కడ షెల్‌ని వేడిచేసి లోపలి నుంచి బయటికి నొక్కి చోటు చేయాలి. దాన్ని పంచ్ చేయడం అంటాం. పాదం లోపల కదులుతుంటే స్కీ మాట వినదు. మరీ బిగిస్తే రక్తం ఆడదు. ఈ రెండింటికీ మధ్య ఉన్న కాస్త ఖాళీలోనే మా పనంతా.

నేను అనుకుని ఈ పనిలోకి రాలేదు. మావారు డానియేల్‌కి ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నేను డిపెండెంట్ వీసా మీద ఐదేళ్లు ఇంట్లో కూర్చున్నాను. వర్క్ పర్మిట్ చేతికొచ్చాక మొదట పిలిచింది ఈ షాపువాళ్లే. అద్దెకిచ్చిన స్కీలు తిరిగొస్తే తుడిచి సర్దడం నా పని. షాపులో పెద్ద ఫిట్టర్ వాల్ట్, డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి, ఒకరోజు నేను ఒక పిల్లకి బూటు తొడుగుతుంటే చూసి, "నీ చేతులకి పాదం తెలుసు" అన్నాడు. ఆ మరుసటి సీజన్ నుంచి తన పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు.

మా తాతగారు నరసాపురం దగ్గర మా పల్లెలో చెప్పులు కుట్టేవారు. ఆ సంగతి వాల్ట్‌కి నేను అప్పటికి చెప్పలేదు.

వాల్ట్ మొదట నేర్పిన రూలు ఒకటుంది. పాదాన్ని సాక్స్ లేకుండా చూడాలి. కూర్చున్నప్పుడూ, నిలబడ్డప్పుడూ చూడాలి. చేత్తో పట్టుకుని చూడాలి. ఆ తర్వాతే గోడ మీది బూట్ల వైపు తిరగాలి. రెండో రూలు, కస్టమర్ ఎక్కడ స్కీ చేయాలనుకుంటున్నాడో అడగడం. ఈ ప్రశ్నకి జనం తాము రోజూ తిరిగే వాలు పేరు చెప్పరు. ఏనాటికైనా దిగాలనుకుంటున్న వాలు గురించి చెబుతారు. న్యూ మెక్సికోలో స్కీలు భుజాన వేసుకుని శిఖరం దాకా నడిచి ఎక్కితేగానీ మొదలుకాని వాలు ఒకరిది. వెర్మాంట్‌లో గడ్డకట్టిన మంచు గుట్టలతో నిండిన నిటారు బాట ఇంకొకరిది. ఒక పోస్ట్‌మ్యాన్ అయితే తను దిగాలనుకున్న కొండ సందు ఫోటో పర్సులో పెట్టుకుని తిరిగేవాడు. నేను మటుకు బ్లూ రన్ దాటి ఎప్పుడూ దిగలేదు. ఇక్కడ తేలిక వాలుకి ఆకుపచ్చ గుర్తు, మధ్యరకానికి నీలం, కష్టమైనదానికి నల్ల డైమండ్, ప్రాణం మీదికి తెచ్చేదానికి రెండు నల్ల డైమండ్లు పెడతారు.

ఆ శనివారం షాపు కిటకిటలాడుతోంది. నేను ఫోన్‌లో మావారితో పాపని పియానో క్లాసుకి దింపమని చెబుతున్నాను. ఎదురుగా బెంచీ మీద బక్కపల్చటి మనిషి, నెరిసిన మీసం, ఒళ్లో పాత బూట్ల సంచీ. నేను ఫోన్ పెట్టేదాకా ఓపిగ్గా ఆగి, "తెలుగువాళ్లా అమ్మా మీరు?" అన్నారు.

ఆయనే చలపతి గారు. వయసు యాభై ఆరు. సొంతూరు ఖమ్మం, ఉండేది కాలిఫోర్నియాలో సన్నీవేల్, పని చిప్ డిజైన్‌లో. కూతురు మేఘ ఇక్కడి యూనివర్సిటీ ల్యాబ్‌లో పనిచేస్తుంది. "మా అమ్మాయిని చూడ్డానికని చలికాలంలో నాలుగైదుసార్లు వస్తుంటాను" అన్నారు. "స్కీ కోసమే వస్తానని మా ఆవిడకీ తెలుసు, మా అమ్మాయికీ తెలుసు. ఎవరూ పైకి అనరు."

ఎక్కడ స్కీ చేయాలనుకుంటున్నారని అడిగాను. జేబులోంచి ఫోన్ తీసి ఒక ఫోటో చూపించారు. వయోమింగ్‌లో ఒక కొండ. శిఖరం కింద రెండు రాతి గోడల మధ్య సన్నని సందు. దాన్ని అందరూ విండో అంటారు. పైఅంచున మంచు చూరులా ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది. దాని మీంచి ఒక మనిషి ఎత్తు కిందికి దూకాలి. దూకిన వెంటనే, ఎదురుగా గోడ వచ్చేలోపు, మలుపు తీసుకోవాలి. అక్కడ తప్పితే కింద మైదానం దాకా ఆపేవాళ్లు ఉండరు. కేబుల్ కార్‌లో వెళ్లేవాళ్లంతా ఆ సందుని చూస్తూ వెళతారు.

"నాలుగు సీజన్లు పోయాను" అన్నారు చలపతి గారు. "నాలుగుసార్లూ అంచుదాకా పోయి, కిందికి చూసి, పక్క దారిన దిగి వచ్చేశాను."

"భయమేసిందా?"

"భయం సరే, అది అందరికీ ఉంటుంది. కాలు నాది కానట్టుంటుంది అక్కడ. స్కీ అంచు మంచులో దిగిందో లేదో తెలియదు. ఇన్‌స్ట్రక్టర్ చూసి, బూట్లు రెండు సైజులు పెద్దవి, పాదం లోపల ఈదుతోంది అన్నాడు. ఫిబ్రవరిలో గైడ్‌ని బుక్ చేశాను. ఈసారి దిగాలి."

ఆయన ముప్పై ఎనిమిదో ఏట, ఆఫీసువాళ్లు టాహో కొండలకి తీసుకెళితే మొదటిసారి స్కీలు కట్టారట. ఆ రోజు పిల్లల క్లాసులో ఐదేళ్లవాళ్లతో పాటు నిలబెట్టారని నవ్వుతూ చెప్పారు. అప్పటినుంచి ఒక్క చలికాలం మానలేదు. పెద్ద సైజు బూట్లు కొనుక్కోవడం మాకు వింతేమీ కాదు. షాపులో తొడిగి చూసినప్పుడు హాయిగా ఉన్నదే సరైన సైజని అందరూ అనుకుంటారు.

మా కార్డు ఆయన చేతికిచ్చాను. అందులో పాత దెబ్బలు, షుగర్, రక్తప్రసరణ ఇబ్బందులు ఏమైనా ఉన్నాయా అని ప్రశ్నలుంటాయి. అన్నిటికీ లేదని టిక్ పెట్టారు. నేను ఆయన ఎదురుగా చిన్న స్టూలు మీద కూర్చుని, "సాక్స్ తీయండి సర్" అన్నాను.

"వద్దమ్మా" అన్నారు. కాళ్లు వెనక్కి లాక్కున్నారు. "మీరు నా కాళ్లు పట్టుకోవడమేంటి. సాక్స్ మీదే చూసేయండి."

"పర్లేదండీ, నా పనే ఇది."

"వద్దు వద్దు. బాగుండదు."

అంతకు రెండు నిమిషాల ముందే ఆయన నన్ను ఇంటిపేరు అడిగారు. మాది నరసాపురం దగ్గర, క్రిస్టియన్ కుటుంబం అని చెప్పాను. "ఓహో" అన్నారు. ఆ ఓహో నా మనసులో ఉంది. మా తాతగారు కొలత తీసుకునేటప్పుడు కొందరు పాదం కాగితం మీద పెట్టి, చుట్టూ గీత వాళ్లే గీసుకుని, కాగితాన్ని నేల మీద వదిలి వెళ్లేవారు. తాతగారి చెయ్యి తగలకూడదని. ఈయన అలాంటి మనిషా, లేక వయసులో చిన్నదాన్ని, ఆడదాన్ని కాళ్లు పట్టుకోనివ్వకూడదనే మర్యాదా? నాకు తెలియలేదు. అడగాలనిపించలేదు. రెండింట్లో ఏదైనా ఇంక బలవంతం చేయడం బాగుండదనుకున్నాను. వెనక ఆరుగురు వెయిట్ చేస్తున్నారు. సాక్స్ మీదే కొలిచాను.

అమెరికన్ ఎవరైనా సాక్స్ తీయనంటే నవ్వి, తీసేదాకా స్టూలు మీంచి లేచేదాన్ని కాను.

ఆయన పాత బూట్లకన్నా ఒకటిన్నర సైజు చిన్నది, సన్నది, గట్టిది ఒకటి తీసి తొడిగాను. కొత్త బూటు ఆ సైజులో తొడిగితే ఎవరైనా ముఖం చిట్లిస్తారు. వేళ్లు ముందు తగులుతున్నాయంటారు, చీలమండ నొక్కుతోందంటారు, చిటికెన వేలు మొదట్లో మంట అంటారు. ఆ ఫిర్యాదులే మాకు దారి. ఎక్కడ పంచ్ చేయాలో అవే చెబుతాయి.

"ఎక్కడైనా నొప్పిగా ఉందా?"

"లేదమ్మా. హాయిగా ఉంది."

ఇరవై నిమిషాలు షాపులో నడిపించాను. మోకాళ్లు వంచమన్నాను. మళ్లీ అడిగాను. ఎక్కడా నొప్పి లేదన్నారు. నాకు గర్వంగా అనిపించింది. పక్క బెంచీ దగ్గరున్న వాల్ట్ తల తిప్పి చూసి, "మొదటిరోజే అంత బాగా కుదిరిన బూటు నేను చూడలేదు" అన్నాడు. మెచ్చుకున్నాడనుకున్నాను. అతను అనుమానంతో అన్నాడని నెలన్నర తర్వాత అర్థమైంది.

జనవరి చివర్లో, ఒక బుధవారం మధ్యాహ్నం, చలపతి గారు మళ్లీ వచ్చారు. ఈసారి పక్కన మేఘ. పొడుగ్గా, పోనీటెయిల్ వేసుకుని, తండ్రి బూట్లు తనే పట్టుకుని వచ్చింది. ఆయన ఉత్సాహంగా ఉన్నారు. తొమ్మిది రోజులు ఆ బూట్లతో స్కీ చేశారట. డబుల్ బ్లాక్ రెండు దిగారట. ఇంకో పన్నెండు రోజుల్లో వయోమింగ్. మడమ దగ్గర ఎడమ బూటు కాస్త వదులైనట్టుంది, బిగించి ఇమ్మన్నారు. లైనర్ వాడేకొద్దీ అణుగుతుంది కాబట్టి అది మామూలే.

ఎడమ లైనర్ బయటికి లాగాను. చిటికెన వేలు వైపు లోపలి గుడ్డ మీద ముదురు గోధుమరంగు మరక ఉంది. ముట్టుకుంటే అట్టగట్టినట్టు గట్టిగా తగిలింది. మంచు కరిగిన తడికి అలా అవదు.

"చలపతి గారూ, ఈ కాలికి ఏమైనా దెబ్బ తగిలిందా?"

"లేదే."

"ఎక్కడైనా నొప్పి?"

"అస్సలు లేదమ్మా. చెప్పాను కదా, అద్భుతంగా కుదిరాయి."

"ఒకసారి సాక్స్ తీయాలి."

ఆయన మళ్లీ కాళ్లు వెనక్కి తీసుకున్నారు. "మడమ దగ్గర వదులుంది, అంతే" అన్నారు. మేఘ మా ఇద్దరి వైపూ చూసి, "డాడీ, జస్ట్ తీసెయ్. ఆంటీ అడుగుతుంది కదా" అంది. ఆయన కదల్లేదు. అప్పుడు నేను లైనర్ ఆయన చేతికిచ్చి, మరక చూపించాను. "ఇది రక్తం అనుకుంటున్నానండీ."

చాలాసేపు దాన్నే చూశారు. తర్వాత వంగి, తనే సాక్స్ తీశారు.

పాదం బయటి అంచున, చిటికెన వేలు మొదట్లో ఎముక పొడుచుకొచ్చి ఉంది. దాని మీద రూపాయి బిళ్లంత పుండు. చుట్టూ ఎర్రగా వాచి, మధ్యలో చర్మం లేదు. సాక్స్ కొంత అందులో అతుక్కుని ఊడొచ్చింది. అలా ఊడొచ్చినప్పుడు కూడా ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. మేఘ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అందరికన్నా ఆశ్చర్యపోయింది ఆయనే. "ఇదెప్పుడైంది?" అన్నారు, వేరేవాళ్ల కాలు చూస్తున్నట్టు.

చేతులకి గ్లవ్స్ తొడుక్కున్నాను. వాల్ట్ ఎప్పుడో నేర్పిన ఒక చిన్న పరీక్ష గుర్తొచ్చింది. "కళ్లు మూసుకోండి. నేను ఏ వేలు ముట్టుకుంటున్నానో చెప్పండి" అన్నాను. బొటనవేలి కొస మీద వేలు ఆనించి తీశాను. తర్వాత మధ్యవేలు. తర్వాత చిటికెన వేలు. ఆయన కళ్లు మూసుకుని, ముఖం కాస్త పైకెత్తి ఎదురుచూస్తున్నారు. కుడికాలు కూడా అయిపోయింది.

"మొదలుపెట్టండమ్మా" అన్నారు.

మేఘ ఏడుపు ఆపుకుంటోంది. నేను, "అయిపోయిందండీ, కళ్లు తెరవండి" అన్నాను.

"డాడీకి షుగర్ ఉంది ఆంటీ, టెన్ ఇయర్స్ నుంచి" అంది మేఘ. "మీకు చెప్పలేదా?"

"బూట్ల షాపులో చెప్పేదేముంది" అన్నారాయన గొంతు తగ్గించి. "మాత్రలు వేసుకుంటూనే ఉన్నా. ఈ మధ్య చెకప్‌కి వెళ్లడం కుదర్లేదు."

షుగర్ చాలా ఏళ్లుంటే పాదాల్లో నరాలు మొద్దుబారతాయని నాకు చదివి తెలుసు. చూడటం అదే మొదలు. ఇంకెవరికైనా ఆ బూటు పది నిమిషాల్లో కేకలు పెట్టించేది. ఈయన తొమ్మిది రోజులు కొండ దిగారు. కాలు నాది కానట్టుంటుందని మొదటిరోజు ఆయన చెప్పిన మాట అప్పుడు అర్థమైంది. దాన్ని నేను బూటు సైజు మీదికి నెట్టేశాను.

"ఈ బూటు మీద నేనిప్పుడు ఏ పనీ చేయనండీ. మీరు ఇక్కణ్ణించి నేరుగా అర్జెంట్ కేర్ క్లినిక్‌కి వెళ్లాలి. ఈరోజే."

"కట్టు కట్టుకుంటాను. పన్నెండు రోజులుంది కదా, మానిపోతుంది."

"మానదు. మీరు ఇవి మళ్లీ తొడగకూడదు."

ఆయనకి కోపమొచ్చింది. గొంతు పెంచే మనిషి కాదు, ఒక్కో మాటా ఒత్తి పలికారు. "నాలుగేళ్లు ఆగాను. గైడ్ దొరకడానికి నెలల ముందు చెప్పుకోవాలి. మీరు బూట్లు చూసే మనిషి. డాక్టర్ కాదు కదా."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. కానీ అప్పుడు దాని గురించి ఆలోచించే వ్యవధి లేదు. నేను స్టూలు మీద అలాగే కూర్చుని, ఆయన కాలు వదలకుండా చెప్పాను. "నిజమే, నేను డాక్టర్‌ని కాదు. బూట్లే చూస్తాను. అదీ సరిగా చూడలేదు. పాదం చూడకుండా బూటు ఇవ్వకూడదని మాకు రూలు. మీరు మొహమాటపడ్డారని నేను వదిలేశాను. ఆరోజు సాక్స్ తీయించి ఉంటే ఈ ఎముక కనపడేది, ఈ బూటు మీకు ఇచ్చేదాన్ని కాదు. ఈ పుండు నా వల్ల వచ్చింది. ఇంకో పన్నెండు రోజుల్లో ఏం జరుగుతుందో నాకు తెలియదు గానీ, అది కూడా నా వల్లే అవుతుంది. అందుకని బతిమాలుతున్నాను."

ఆయన పుండు వైపు చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి, "మేఘా, కార్ దగ్గరికి తీసుకురా" అన్నారు. మా ఫస్ట్ ఎయిడ్ పెట్టెలోంచి శుభ్రమైన గుడ్డ తీసి కట్టాను. నడవకుండా వీల్‌ఛెయిర్ తెస్తానంటే ఒప్పుకోలేదు. వదులు చెప్పుతో, నా భుజం మీద చెయ్యి వేసి గుమ్మం దాకా వచ్చారు. బూట్లు షాపులోనే వదిలేసి వెళ్లారు.

షాపు కట్టేసే ముందు వాల్ట్‌కి అంతా చెప్పాను. సాక్స్ మీద ఎందుకు కొలిచావని అడిగాడు. చెప్పడానికి ప్రయత్నించాను. మా దగ్గర పెద్దవాళ్లు చిన్నవాళ్లని కాళ్లు ముట్టుకోనివ్వకపోవడం గురించి, మా తాతగారి కాగితాల గురించి, ఇంటిపేరు అడగడం గురించి, అన్నీ కలగాపులగంగా ఇంగ్లిష్‌లో. అతను మధ్యలో మాట్లాడకుండా విన్నాడు. "మీ తాత గురించి ఇన్నాళ్లూ చెప్పలేదేం?" అన్నాడు ముందు. తర్వాత, "నువ్వు చెప్పింది నాకు సగమే అర్థమైంది. పాదం చూడకుండా బూటు ఇచ్చావు. అంతే కదా?"

"అంతే."

"రేపు ఆ మనిషికి నువ్వే ఫోన్ చెయ్యి" అన్నాడు.

మరునాడు నేను చేసేలోపే మేఘ ఫోన్ చేసింది. పుండుకి ఇన్ఫెక్షన్ పట్టింది. ఎక్స్‌రే తీశారు, ఎముక దాకా పోలేదు. ఇంకో వారం అదే బూటులో తిరిగి ఉంటే వేలు తీయాల్సివచ్చేదేమో అన్నాడట డాక్టర్. యాంటీబయాటిక్స్ ఇచ్చి, కాలు మీద బరువు పడకుండా ఒక మెడికల్ బూటు వేశారు. ఆ సీజన్‌కి స్కీ మాట లేదు. "గైడ్‌కి డాడీ తనే కాల్ చేసి క్యాన్సిల్ చేశాడు ఆంటీ. తర్వాత రూమ్‌లోకి వెళ్లి డోర్ వేసుకున్నాడు" అంది. ఆయనతో మాట్లాడతానన్నాను. ఇప్పుడు వద్దంటున్నాడు అంది.

పుండు మానడానికి మార్చి ఆఖరు దాకా పట్టిందని మెసేజ్ పెట్టింది. ఆ తర్వాత కబురు లేదు. ఆ ఏడాది నేను ప్రతి కస్టమర్ దగ్గరా ఎక్కువసేపు తీసుకున్నాను. మేనేజర్ విసుక్కున్నాడు కూడా.

2023 నవంబరులో, కొండ మీద ఇంకా లిఫ్టులు తిరగని రోజుల్లో, చలపతి గారు అపాయింట్‌మెంట్ తీసుకుని వచ్చారు. ఇంకొంచెం చిక్కారు. షుగర్ అదుపులోకి వచ్చిందట. చేతిలో పోడియాట్రిస్ట్, అంటే పాదాల డాక్టర్, ఇచ్చిన ఉత్తరం ఉంది. కొన్ని షరతులతో స్కీ చేయవచ్చు. గంటన్నరకి ఒకసారి బూట్లు విప్పి పాదాలు చూసుకోవాలి. ఎరుపు పదిహేను నిమిషాల్లో తగ్గకపోతే ఆ రోజుకి ఆపేయాలి. వేరే మనిషి తోడుండాలి.

బెంచీ మీద కూర్చుని, నేను అడక్కముందే సాక్స్ తీశారు. "ఆరోజు ఎందుకు వద్దన్నానో చెప్పాలమ్మా" అన్నారు. "నా గోళ్లు చూడండి. పసుపుపచ్చగా, దళసరిగా. మడమలు పగుళ్లు. చిన్నప్పటినుంచీ ఇంతే. మా ఆవిడ ముందు కూడా సాక్స్‌తోనే ఉంటాను. కొత్త మనిషి, అందులోనూ మనవాళ్లమ్మాయి చూస్తే ఏమనుకుంటుందోనని సిగ్గేసింది. డాక్టర్ దగ్గరికి పోనిది కూడా అందుకే."

నేను ఏడాదిపాటు ఆ రోజుని తలుచుకుని ఊహించుకున్న కారణాల్లో ఇది లేదు. ఆయనకి మా తాతగారి సంగతి చెప్పాను, ఆ ఓహో గురించి కూడా. ఆయన చాలా నొచ్చుకున్నారు. "ఇంటిపేరు అడగడం అలవాటమ్మా. అడిగినవాళ్లకి ఏమీ అనిపించదు. అడగకుండా ఉండాల్సింది" అన్నారు. తర్వాత నేను పాదం చేతిలోకి తీసుకుని పని మొదలుపెట్టాను.

స్పర్శ తెలియని పాదానికి బూటు కుదర్చడం నేను అంతకుముందు చేయలేదు. నొప్పి ఎక్కడని అడిగి లాభం లేదు. అందుకని కళ్లతోనే చూడాలి. పొడుచుకొచ్చిన ఎముక మీద లిప్‌స్టిక్ రాసి, ఉత్త పాదాన్ని షెల్‌లో పెట్టించి, లోపల మరక ఎక్కడ పడిందో చూసి అక్కడ పంచ్ చేశాను. ఇది మా పనిలో పాత ఉపాయమే. బూటు తొడిగి ఇరవై నిమిషాలు నడిపించి, విప్పి, చర్మం ఎక్కడ ఎర్రబడిందో పెన్నుతో గీత గీసి, అది మామూలు రంగుకి రావడానికి ఎంతసేపు పట్టిందో టైమ్ చూసుకున్నాను. మళ్లీ పంచ్. మళ్లీ నడక. ఐదుసార్లు వచ్చారు. లైనర్ లోపలి కుట్లు కూడా చర్మానికి ఒరుసుకోకుండా బయటివైపుకి తిప్పి కుట్టాను. షెల్ ఈసారి వెడల్పుది, కొంచెం మెత్తనిది. మొదటి బూటంత పట్టు ఇందులో ఉండదని ముందే చెప్పాను.

"దీంతో విండో దిగగలనా?"

"నాకు తెలియదండీ. పాదం సంగతి నేను చూసుకోగలను. కొండ సంగతి గైడ్‌ని అడగాలి."

గైడ్‌ని అడిగారు. ఆ గైడ్ జాగ్రత్త మనిషి. కాళ్లకి స్పర్శ తెలియదని విని, జనవరిలో రెండు రోజులు వేరే వాలుల మీద తిప్పి చూశాడట. మంచు ఎలా ఉందో అరికాలు చెప్పదు కాబట్టి, స్కీ చేసే చప్పుడు వినమని, మోకాళ్ల దగ్గర తెలిసేదాన్ని నమ్ముకోమని నేర్పించాడు. తను సరేనంటేనే దిగాలని షరతు పెట్టాడు.

2024 మార్చిలో, ఒక గురువారం మధ్యాహ్నం, నా ఫోన్‌కి ఒక ఫోటో వచ్చింది. రాతి గోడల ఫోటోనో, మంచుదో అనుకుని తెరిచాను. ఎడమ పాదం. చిటికెన వేలి కొస దగ్గర లేత ఎరుపు. వెంటనే ఫోన్ మోగింది.

"అమ్మా, ఫోటో చూశారా? పన్నెండు నిమిషాల్లో తగ్గింది. టైమ్ పెట్టి చూశాం. పర్లేదు కదా?"

"పర్లేదండీ. మళ్లీ తొడిగే ముందు ఇంకోసారి చూసుకోండి. ఎక్కడున్నారు?"

"కింద, కేఫెటీరియాలో. పుండు పడ్డ చోట మాత్రం మామూలు రంగులోనే ఉంది, గమనించారా? మీరు రెండోసారి పంచ్ చేశారే, అదే చోటు."

"చూశాను. విండో?"

"ఆ, దిగాను" అన్నారు. "పొద్దున పదింటికి. స్కీ చేశానని అనలేను. దూకిన చోట పడ్డాను, గైడ్ ముందే కింద నిలబడి ఉన్నాడు కాబట్టి ఆగాను. లేచి, సగం దూరం అడ్డంగా జారుకుంటూనే వచ్చాను. కింద సగం మాత్రం మలుపులు తిప్పాను, పదకొండు. మేఘ అంచుదాకా వచ్చి, చూసి, పక్క దారిన దిగింది. ఇప్పుడు నా మీద కోపంగా ఉంది."

వెనకనుంచి మేఘ గొంతు వినపడింది. "ఆంటీ, కోపం కాదు, నెక్స్ట్ ఇయర్ నేను కూడా దిగుతా అని చెప్పండి."

ఎలా అనిపించిందని అడిగాను. ఆయన కొంచెం ఆలోచించారు. "ఆకలేసిందమ్మా" అన్నారు. "ఇప్పుడు సూప్ తాగుతున్నాను. కుడికాలు ఫోటో కూడా పంపించనా?"

పంపించమన్నాను.

ఈ పనిలో ఇప్పటికి చాలామంది పాదాలు చూశాను. పెద్ద పెద్ద వాలులు దిగినవాళ్లవి, పోటీల్లో గెలిచినవాళ్లవి కూడా. కొత్తగా చేరినవాళ్లకి నేర్పేటప్పుడు మాత్రం చలపతి గారి సంగతే చెబుతాను. కస్టమర్ హాయిగా ఉందంటే పొంగిపోకుండా, ఆ మాట నిజమో కాదో బూటు విప్పి చూడమంటాను. అంతకన్నా కష్టమైనది ఇంకోటి చెబుతాను. ఎదుటి మనిషి వద్దన్నప్పుడు ఎందుకు వద్దన్నాడో మనకి మనమే ఊహించుకుని, ఆ ఊహకి మర్యాద అని పేరు పెట్టి పని తగ్గించుకోకూడదు. ఎందుకని నెమ్మదిగా అడగాలి. నాకు అడగడానికి ఒక్క నిమిషం పట్టేది. అడగనందుకు ఆయనకి ఒక చలికాలం పోయింది. వేలు పోలేదు, అది మా ఇద్దరి అదృష్టం.